నాన్న ఫారం నేను నింపాను

మొన్నటి మన అసోసియేషన్ జనరల్ బాడీ మీటింగ్‌లో, రబ్బరు పడవల్లో నది మీద వెళ్లే రాఫ్టింగ్ ట్రిప్ సంగతి రాగానే స్టేజీ మీద నుంచి ఒక మాట వినబడింది: "ఇలాంటివి మనవాళ్లకి సరిపడవులెండి. వచ్చే ఏడాది మళ్లీ పార్కులో పిక్నిక్కే." చప్పట్లు కూడా పడ్డాయి. కొందరు నా వైపు చూశారు. చూడరూ మరి, ఆ రోజు ఒడ్డున మిగిలిపోయింది మా నాన్నే.

రానివాళ్ల కోసం చెప్తాను. కొలరాడోలో ఆర్కన్సా నది, బ్రౌన్స్ కాన్యన్, జూన్ రెండో శనివారం. ఫారంలో వయసు, ఈత, ఆపరేషన్లు అన్నీ అడిగారు. నాన్నది నేనే నింపాను, రాత్రి పదకొండింటికి, ఫోన్‌లో. మోకాలి ఆపరేషన్ దగ్గర 'లేదు' నొక్కాను. 'ఉంది' అంటే మళ్లీ ఫోన్లు, ప్రశ్నలు. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను.

పొద్దున ఒడ్డు మీద గైడ్ అమ్మాయి ఒక్కొక్కరి లైఫ్ జాకెట్‌నీ భుజాల దగ్గర పట్టుకుని పైకి లాగి చూసింది. చెవుల దాకా లేస్తే మళ్లీ బిగించింది. నీళ్లలో పడితే నిలబడొద్దు, రాళ్ల మధ్య పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని ముందుకు తోసి ముంచేస్తుంది, వెల్లకిలా తేలుతూ కాళ్లు ముందుకు పెట్టుకోండి అని చెప్తోంది. మనవాళ్లు సగం మంది అప్పటికి గ్రూప్ ఫొటోలో ఉన్నారు. తర్వాత రాఫ్ట్ అంచు మీద నుంచి లోపలికి జారి మళ్లీ లేవమంది. నాన్న జారారు. లేవలేకపోయారు. రెండోసారీ అంతే. ఆ అమ్మాయి ఆయన్ని పక్కకి తీసుకెళ్లి, నెమ్మదిగానే, కుదరదంది.

మనం ఊరుకుంటామా? డబ్బు కట్టామని ఒకరు, ఇది వివక్ష అని ఇంకొకరు. నేనూ గొంతు పెంచాను. నాన్న జాకెట్ బకిల్స్ ఒక్కొక్కటే విప్పుకుంటూ అన్నారు: "నన్నడిగితే నేనే రానని చెప్పేవాణ్ణి కదరా."

అమ్మానాన్నల్ని అడగకుండా అన్నీ చేసిపెట్టడం మనకి ప్రేమ కిందే లెక్క. టికెట్లూ మనమే, ఇన్సూరెన్సూ మనమే, చివరికి వాళ్ల మోకాళ్లకి జవాబులూ మనమే.

కమిటీని తప్పుపట్టను. బస్సులు, హెడ్‌కౌంట్, చివరి నిమిషంలో ఇంకో ఇద్దరు, అదంతా ఎంత టెన్షనో నాకు తెలుసు. కానీ తేదీ ఖాయం చేసింది పిల్లల సెలవులు చూసి. నది ఎలా ఉంటుందో ఎవరం చూడలేదు. కొండల మీద మంచు కరిగి నీరు ఉధృతంగా దిగేది సరిగ్గా జూన్‌లోనే. ఆగస్టుకి అదే నది చాలావరకు నెమ్మదిస్తుంది. అప్పుడు కూడా మరీ తగ్గిపోకుండా జూలై 1 నుంచి ఆగస్టు 15 దాకా సెకనుకి 700 ఘనపుటడుగులైనా పారేలా ఎగువ రిజర్వాయర్ల నుంచి వీలైనంతవరకు వదులుతుంటారు. దిగువన బిగ్‌హార్న్ షీప్ కాన్యన్‌లో బ్రౌన్స్ కాన్యన్ కన్నా తేలికైన దారీ ఉంది. ఇవన్నీ ఫోన్ చేసి అడిగితే చెప్పేవాళ్లే. మనం అడిగింది గ్రూప్ డిస్కౌంట్.

అందుకని ప్రెసిడెంట్ గారూ, పిక్నిక్ తీర్మానం కాస్త ఆపండి. ఆగస్టు మొదటి వారం చూడండి. నీటి మట్టం చూసి వద్దనే అధికారం ఒక్కరికి ఇవ్వండి, ఆయన్ని తర్వాత ఎవరూ వాట్సాప్‌లో ఆడిపోసుకోకండి. ఫారాలు ఎవరివి వాళ్ల చేతికే ఇవ్వండి. నాన్న వచ్చే వేసవికి మళ్లీ వస్తున్నారు. ఈసారి ఫారం తనే నింపుతారట, కళ్లజోడు పెట్టుకుని.