క్యాప్స్ లాక్ గారికి స్థలం ఖాళీ చేయమని నోటీసు

మహారాజశ్రీ క్యాప్స్ లాక్ గారి సముఖానికి,

ఉభయకుశలోపరి. కీబోర్డు మీద ట్యాబ్‌కు దిగువన, షిఫ్టుకు ఎగువన, ‘ఎ’ అక్షరానికి గోడ ఆనించుకుని తమరు సుఖంగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం ఈ మధ్యాహ్నమంతా బ్యాంకులో కూర్చుని వచ్చాను. తమ చలవే.

పాస్‌వర్డు సరైనదే. వేళ్లు పడవలసిన మీటల మీదే పడ్డాయి. కానీ తెర మీద కనిపించేవి నల్లచుక్కలు. చుక్కల్లో పెద్ద అక్షరమేది, చిన్న అక్షరమేది? విండోస్ లాగిన్ తెర అయినా తమరు మేల్కొని ఉన్న సంగతి ఒక ముక్క చెబుతుంది. ఆ బ్యాంకు తెరకు ఆపాటి దయ లేదు. తప్పు, తప్పు అంటూ పోయి చివరికి ఖాతాకే తాళం వేసింది. మా ఆఫీసువారు కొన్న కీబోర్డుకు తమరు ఆన్‌లో ఉంటే వెలిగే దీపం కూడా లేదు; ఎక్కడ పైసా మిగుల్చుకోవాలో వాళ్లకు బాగా తెలుసు. శాఖకు వెళ్లి, టోకెను తీసుకుని, వంతు వచ్చాక గోడు వెళ్లబోసుకుంటే కౌంటరులోని అమ్మాయి తల ఎత్తకుండానే అడిగింది: ‘‘క్యాప్స్ లాక్ ఆన్‌లో ఉందేమో చూసుకున్నారా సార్?’’

ఆ ప్రశ్న అడిగేటప్పుడు ఎవరి గొంతులోనైనా ఒక జాలి ధ్వనిస్తుంది. ఫోనులోని సహాయకేంద్రం వారి గొంతులోనూ అదే జాలి. తమరి వల్ల ఎందరు పెద్దమనుషులు చదువురాని వారి కింద జమ అయ్యారో!

తమరి వంశం గొప్పదే, కాదనను. 1878 నాటి రెమింగ్టన్ నంబర్ 2 టైపు మిషనుతో షిఫ్టు మీట వచ్చింది. ఆ రోజుల్లో షిఫ్టు నొక్కడమంటే మిషనులోని బరువును నిజంగానే కదిలించడం. ఒక పంక్తి పొడవునా పెద్ద అక్షరాలు కొట్టాలంటే చిటికెన వేలు విరిగేది. అందుకని దాన్ని కిందికి నొక్కి బిగించే షిఫ్ట్ లాక్ పుట్టింది. న్యాయం. టైపు పరీక్షలు లోయరూ హయ్యరూ పాసైన మా తరంవాళ్లు టైపు ఇన్‌స్టిట్యూట్‌లో తమరి తాతగారిని ఎరుగుదురు. మర్యాదస్తుడు. షిఫ్టు ఒకసారి తాకితే చాలు, లాక్ వదిలేసి లేచి వెళ్లిపోయేవాడు. తమరు అలా కాదు. షిఫ్టు నొక్కితే పోకపోగా అక్షరాన్ని తిరగేస్తారు. పెద్దది కావాలంటే చిన్నది ఇస్తారు. షిఫ్టుతో తమరిని దించేసే ఏర్పాటు విండోస్‌లో ఉంది లెండి, భాషల సెట్టింగుల లోపలి అరలో ఎక్కడో. అక్కడికి దారి తెలిసినవాడికి తమరితో గొడవే ఉండదు.

ఇక అసలు విషయం, స్థలం. 1981లో వచ్చిన తొలి ఐబీఎం పీసీ కీబోర్డులో ‘ఎ’ పక్కన ఉన్నది తమరు కారు, కంట్రోల్ మీట. తమరు స్పేస్ బార్‌కు కుడివైపు, మూలన ఉండేవారు. అది తమరికి తగిన చోటు. 1980ల నడుమ 101 మీటల కీబోర్డు వచ్చేసరికి కంట్రోల్‌ను అట్టడుగు మూలకు నెట్టి తమరు మెయిన్ రోడ్డు మీది ప్లాటులో పునాది వేశారు. పట్టా ఎవరిచ్చారు? కాపీకి, పేస్టుకు, సేవ్‌కు, అన్‌డూకు, రోజంతా పనిచేసేది కంట్రోల్. దాన్ని అందుకోవడానికి మడిచి మడిచి నా ఎడమ చిటికెన వేలు రాత్రి పడుకున్నా లాగుతూనే ఉంటుంది. ఏ పనీ లేని తమరికి మాత్రం మామూలు అక్షరం కన్నా వెడల్పైన భవంతి!

మిగతావారి మీద నాకు ఫిర్యాదులు లేవని కాదు. ఇన్సర్ట్ ఉంది, వేలు తగిలిందంటే రాసిన వాక్యాన్ని ముందుకు ముందుకు తినుకుంటూ పోతుంది. నమ్ లాక్ ఉంది, అంకెలు కొడుతుంటే కర్సరును ఊరంతా తిప్పుతుంది. ఏదో ఆలోచిస్తూ షిఫ్టును వరసగా ఐదుసార్లు తట్టానంటే స్టికీ కీస్ కావాలా అంటూ ఒక పెట్టె లేస్తుంది. డిలీట్ పక్కనే పవర్ మీట పెట్టిన మహానుభావుడెవరో నాకు ఇంకా దొరకలేదు. ఒక్క నొక్కుకు రెండు నొక్కులు లెక్కగట్టే మౌసు సంగతి వేరే ఉత్తరంలో. కానీ వీళ్లెవరూ నీలా నా భాష మీద చెయ్యి వేయలేదు.

అవును, నీ సంగతే. తెలుగులో పెద్ద అక్షరాలు లేవు, చిన్న అక్షరాలు లేవు. వాక్యం మొదట్లోనైనా, మనిషి పేరులోనైనా ‘రా’ అంటే ఒకటే ‘రా’. నీతో మాకు పనే లేదు. పని లేనివాడు మూల కూర్చోవాలి కదా? కూర్చోలేదు. లేఖినిలాంటి వాటిలో ఇంగ్లీషు మీటలతో తెలుగు కొట్టేవాళ్లకు చిన్న ‘టి’ అంటే త, పెద్ద ‘టి’ అంటే ట. చిన్న ‘ఎల్’ ల, పెద్ద ‘ఎల్’ ళ. నువ్వు చప్పుడు చేయకుండా మేల్కొన్నావంటే ‘తెలుగు’ అని కొట్టిన చోట ‘టేళూఘూ’ వస్తుంది. అక్క కాస్తా ‘ఆఖ్ఖా’, అత్త ‘ఆట్టా’, పిల్లి ‘ఫీళ్ళీ’. షిఫ్టు పట్టుకుని జాగ్రత్తగా ‘టపా’ అని కొట్టినవాడికి దక్కేది ‘తాఫ’. కాగితం వంక చూస్తూ ఒక పేరా మొత్తం కొట్టి తల ఎత్తితే తెర మీద ఏ లోకపు భాషో! అందులోంచి మళ్లీ తెలుగును పిండుకోలేం, మొత్తం చెరిపి మొదటి నుంచి కొట్టాలి. పైగా నువ్వు సృష్టించిన ‘ఆఖ్ఖా’ను చూసి నవ్వు ఆపుకోలేక పక్క కుర్చీవాళ్లు లేచి వస్తారు.

ఇంట్లో నీకు బుద్ధి చెప్పాను. మీటల పని మార్చుకోనిచ్చే పవర్‌టాయ్స్‌ అనే ప్రోగ్రాములో కీబోర్డ్ మేనేజర్ తెరిచి, నీ పేరుకు ఎదురుగా భాష మార్చే విండోస్–స్పేస్ జంట మీటలను రాశాను. అప్పటి నుంచి నిన్ను నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. లినక్సులో అయితే ఆ ఏర్పాటు ముందే ఉంటుంది, ఎంచుకుంటే చాలు. మ్యాకులో కూడా భాష మార్చే పనికి నిన్ను పెట్టుకోవచ్చు. అంటే లోకానికి నీ సంగతి ఎప్పుడో తెలిసింది! జపానులో 1996లో వచ్చిన హ్యాపీ హ్యాకింగ్ కీబోర్డు నీకు వేరే మీటే ఇవ్వలేదు, నీ చోట కంట్రోల్‌ను తెచ్చి కూర్చోబెట్టింది. గూగుల్ 2010లో తన తొలి క్రోమ్‌బుక్ నమూనా నుంచి నిన్ను తీసేసి వెతుకులాట మీట పెట్టింది. ఆ రెండు కబుర్లు చదివి మా ఇంట్లో స్వీటు పంచాను.

ఆఫీసులో మాత్రం నిన్ను ముట్టుకోనివ్వరు. సెట్టింగుల తెర తెరిస్తే ‘మీ నిర్వాహకుడిని సంప్రదించండి’. నిర్వాహకుడికి రాస్తే టికెట్ నంబరు. ఆ నంబరుతో ఏమీ కాదు. అక్కడే నువ్వు కాచుకుని కూర్చున్నావు! ఇంటి అలవాటు కొద్దీ, తెలుగు ఆపి ఇంగ్లీషులోకి వద్దామని వేలు నీ మీదికి వస్తుంది. నువ్వు ఇంగ్లీషు ఇవ్వవు, తెలుగు ఇవ్వవు; దీపమైనా వెలిగించకుండా నోరు మూసుకుని ఆన్ అవుతావు. ఆ తర్వాత నేను తెరిచింది బ్యాంకు పేజీ. ఇంట్లో చేసిన చాకిరీకి బయట పగ తీర్చుకునే నీచత్వం ఒక ప్లాస్టిక్ ముక్కకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు అర్థం కాదు.

నీ తరఫున వాదించేవారు లేరని అనను. మా బావమరిది సివిల్ డ్రాయింగులు గీస్తాడు, వాటి మీద రాతంతా పెద్ద అక్షరాలే. నిన్ను ఏమైనా అంటే ఊరుకోడు. ఒక చేత్తో టైపు చేసేవారికి రెండు మీటలు కలిపి పట్టడం కష్టం, వాళ్లకు నువ్వు అక్కరకు వస్తావు. ఆ మాటకు తల వంచుతాను. పాన్ నంబరు కోసం అంటావా? పది గుర్తుల్లో నాలుగు అంకెలే, ఆ మిగిలిన ఆరు అక్షరాలను షిఫ్టు పట్టుకుని కొట్టలేనంత సోమరిని కాను. ఇక మా అపార్ట్‌మెంటు కార్యదర్శి గారు. ఆయన మెయిలు మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా నీ ప్రసాదమే. నీళ్లు రావని చెప్పినా, దీపావళి శుభాకాంక్షలు చెప్పినా ఒకటే కేక. నీ భక్తుడు ఎలా ఉంటాడో చూసి నీ మీద ఒక అభిప్రాయానికి వచ్చాను.

కాబట్టి క్యాప్స్ లాక్ గారూ, తమరు ఈ స్థలం ఖాళీ చేయవలసిందిగా ఇందుమూలంగా తెలియజేయడమైనది. నిర్వాసితులను రోడ్డున పడేసే రకం కాను, పునరావాసం చూపిస్తున్నాను. పై వరుసలో కుడివైపు చివర స్క్రోల్ లాక్, పాజ్ ఉన్నాయి. అవి ఏం చేస్తాయో ఎవరికీ పట్టదు కనుక ఎవరూ వాటిని కదిలించరు. తమరు వాటి పక్కన హాయిగా కాలక్షేపం చేయవచ్చు. గడువు సోమవారం ఉదయం. నిర్వాహకుడు అనుమతి ఇవ్వకపోతే ఇవ్వకపోనీ, నా సంచిలో చిన్న స్క్రూడ్రైవరు ఉంది. మీటను పైకి లాగి ఊడదీయడానికి పాస్‌వర్డు అక్కర్లేదు.

ఇట్లు,
ఎడమ చిటికెన వేలి తరఫున,
దాని యజమాని