మార్జిన్ దొరవారికి, బాదేపల్లి కిరాణం నుంచి

మార్జిన్ దొరా, నీ బాంచెన్!

సబ్బులు, బిస్కెట్లు అమ్మే కంపెనీలకు నూరు రూపాయల అమ్మకంల మిగిలే లాభమే గద నువ్వు. నీ పాణం ఎట్లున్నదో మూణ్నెల్లకోపారి టీవీల చెప్తుండ్రు. మా ఊరి దొరకు గూడ ఎన్నడూ గిట్ల నాడి పట్టి చాటింపు వెయ్యలే. నువ్వు అర శాతం కరిగితే చాలు, యాభై బేసిస్ పాయింట్లు అని పెద్దగ జేసి చెప్తరు, తెల్లారేసరికి షేరు బోర్ల పడ్తది. సబ్బుల కంపెనీ హిందుస్తాన్ యూనిలీవర్ 2025ల తన మార్జిన్ 22–23 శాతం నడుమ ఉంటదన్నది. అయ్యో గింతకు దిగిందా అని టీవీలోళ్లు మస్తు దిగులువడ్డరు. నా దుకాణంల ప్యాకెట్ల మీద పది శాతం మిగిలితే పండుగ. అది గూడ కిరాయి, కరెంటు బిల్లు తియ్యకముందు. రెండూ ఒక తీరు లెక్కలు కావని నా కొడుకంటడు. కావు బిడ్డా, నాకు తెల్వదా?

నీ మొదటి రోగం పామాయిల్. సబ్బుల అదే, బిస్కెట్ల అదే. ఇండోనేషియా, మలేషియాల నుంచి ఓడెక్కి రావాలె. 2024 సెప్టెంబర్‌ల కేంద్రం ముడి పామాయిల్ మీద సుంకాన్ని సెస్సులతోని కలిపి 5.5 శాతం నుంచి 27.5 శాతానికి పెంచింది, నూనెగింజల రైతుకు ధర రావాలెనని. మంచిదే, మాది పల్లికాయ పండే సీమ. పాలమూరు యాసంగి పల్లి మా బాదేపల్లి మార్కెట్‌కు గూడ వస్తది. యార్డుల కుప్ప పోసి అమ్ముకున్న రైతే, పోతపోత నా కాడ పామాయిల్ ప్యాకెట్ కొనుక్కపోతడు. సరే, సుంకం పెరిగిన కొన్నాళ్లకే సబ్బు ధర ఎక్కె, బిస్కెట్ ప్యాకెట్ బక్కగాయె. 2025 మే ఆఖర్ల సుంకం 16.5 శాతానికి దిగింది. ప్యాకెట్‌కు మాత్రం మళ్ల కండ రాలే. లైనుకొచ్చిన సేల్స్‌మన్‌ను అడిగితే "పాత స్టాకు సేటూ" అన్నడు. ఆ పాత స్టాకు ఎన్నటికి ఒడుస్తదో నీకే ఎరుక.

ఐదు రూపాయల ప్యాకెట్ మీద ఐదు కదల్దు, గ్రాములు కదుల్తయి. గ్రాముకు ఎంత పడ్తదో అచ్చెయ్యాలని 2022ల రూలొచ్చింది. అచ్చేస్తుండ్రు, వెనుక మడత కాడ, చీమ తలకాయంత అక్షరాలు. ఒక అవ్వ కండ్లద్దాలు పైకి జరిపి, ప్యాకెట్‌ను బల్బు కిందికి పట్టి, "ఏం రాసిండ్రు బిడ్డా?" అన్నది.

"తొమ్మిది పైసలు, అవ్వా."

"తొమ్మిది పైసలకు ఏమొస్తది?"

"ఒక గ్రాము."

అవ్వ దాన్ని అరచేతుల రెండుసార్లు ఎగరేసి చూసి, ఇంకోటియ్యమన్నది. రెండు కలిపితే పాతది ఒకటైతదట.

ఇగ పన్ను. 2025 సెప్టెంబర్ 22 నుంచి సబ్బు, షాంపూ, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కెట్ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి దిగింది. లెక్క ప్రకారం ఐదు రూపాయల బిస్కెట్ నాలుగు రూపాయల 45 పైసలు కావాలె. 55 పైసల చిల్లర యాడికెళ్లి తేవాలె దొరా? పావలా బిళ్ల 2011లనే పాయె. అర్ధ రూపాయి చెల్లుతదని రిజర్వు బ్యాంకు అంటది గని, మా కాడ బిచ్చగాడు గూడ ముట్టడు. నీ గోస గూడ ఒకటున్నది, కాదన. అమ్మేదాని మీద 5 శాతం, ప్రకటనలకు, గోదాం కిరాయికి కట్టేది 18 శాతం. ముడిసరుకు మీద ఎక్కువ కట్టింది వాపసు అడగొచ్చు, సేవల మీద కట్టింది వాపసు రాదు. ఆ దెబ్బ నిజంగ నీకే తగిలింది. తగిలినంక నువ్వు ఊకుంటవా, మా దిక్కు జరుపుతవు.

కూలి సంగతి చెప్పకుంట ఎట్ల? 2025 నవంబర్ 21న నాలుగు లేబర్ కోడ్‌లు, అంటే కొత్త కార్మిక చట్టాలు, అమలుకొచ్చినయి. ఇచ్చేదాంట్ల సగమన్నా జీతం కింద లెక్కగట్టాలె, గ్రాట్యుటీ, అంటే పని ఇడిసినప్పుడు చేతికిచ్చే పైసలు, దాని మీద పెరుగుతది. గడువు పెట్టి తీసుకున్నోనికి ఏడాదికే గ్రాట్యుటీ. ఆ డిసెంబర్ త్రైమాసికంల శానా కంపెనీలు ఈ భారాన్ని "అసాధారణ ఖర్చు" అని వేరే వరుసల చూపినయి. పనోని గ్రాట్యుటీ అసాధారణమట, డివిడెండు మాత్రం సాధారణమట! డ్యాములు కట్టి పాలమూరు లేబర్ అనిపించుకున్నోళ్లు, బొంబాయి బస్సెక్కినోళ్లు ఆ గ్రాట్యుటీ మాట వినకుంటనే ముసలోళ్లయిండ్రు. వాళ్ల మనుమలు ఇప్పుడు కొత్తూరు, జడ్చర్ల దిక్కు కాంట్రాక్టు మీద ప్యాకింగ్ పనికి పోతుండ్రు. వాళ్ల రోజు కూలి పది రూపాయలు పెరిగితే నీకు చలిజ్వరం.

గింత తిట్టిన గని, నీ మీద పగ లేదు దొరా. నేను నీ బాంచెనే గాదు, వాటాదారున్ని గూడ. నా కొడుకు డీమ్యాట్ ఖాతా తెరిచి పది షేర్లు కొనిచ్చిండు. పగలు అవ్వతోని కలిసి నిన్ను తిడ్త, రాత్రి ఫోన్ల పచ్చగున్నవా ఎర్రగున్నవా అని చూసుకుంట. మొన్న వార్షిక సమావేశం నోటీసొచ్చింది, ఫోన్లనే ఓటెయ్యొచ్చట. ఎండీ జీతం తీర్మానం కాడ "వద్దు" అని గట్టిగ నొక్కిన. డివిడెండు తీర్మానం కాడికొచ్చేసరికి మా ఇంటామె వెనుక నిలవడి చూస్తున్నది. "సరే" అని నొక్కిన.

ఇట్లు,
పది షేర్ల ఆసామి