లకుముకి పిట్టకు గీటురాయి

మా సందు చివర ఇడ్లీ బండి వదిన మొన్న పుస్తెలతాడు కుదువ పెట్టడానికి బ్యాంకుకు వెళ్తుంటే తోడు వెళ్లాను. అప్రైజర్ గారు గొలుసును గీటురాయి మీద రుద్దారు. యాసిడ్ చుక్క వేశారు. నల్లపూసల బరువు తీసేశారు, సూత్రాల్లో లక్క ఉంటుందని ఇంకాస్త తీసేశారు. చివరికి కొక్కేనికి చుట్టిన పసుపుదారాన్ని కూడా గోటితో గిల్లి పక్కన పెట్టారు. దారాన్ని బంగారం కింద తూచేస్తే బ్యాంకు ఏమైపోవాలి? ప్రజాధనం మీద ఆ శ్రద్ధ చూసి నాకు కళ్లు చెమర్చాయి.

కింది అంతస్తులోనే ఇంత శ్రద్ధ ఉంటే, పైన కోటు వేసుకునేవాళ్ల దగ్గర ఇంకెంత ఉండాలి! స్టేట్ బ్యాంకుకు 1986లో ఎస్‌బీఐ క్యాపిటల్ మార్కెట్స్ అనే బిడ్డ పుట్టింది. ముద్దుపేరు ఎస్‌బీఐ క్యాప్స్. టోకెన్లు, పాస్‌బుక్కులు లాంటి చిల్లర పనులు దానికి లేవు. కంపెనీలను షేరు మార్కెట్‌కు తీసుకెళ్లడం, పెద్ద పెద్ద అప్పులు కుదర్చడం, ఫీజు పుచ్చుకోవడం. దానికి మళ్లీ ఒక కూతురు, ఎస్‌బీఐక్యాప్ ట్రస్టీ. పెద్దల తాకట్లకు కాపలా కాయడం ఈ మనవరాలి ఉద్యోగం.

విజయ్ మాల్యా గారి కింగ్‌ఫిషర్ ఎయిర్‌లైన్స్ స్టేట్ బ్యాంకుతో సహా 17 బ్యాంకులకు బాకీ పడి, వడ్డీతో కలిపి 9,000 కోట్లు దాటించింది. ఆ తాకట్లలో ఘనమైనది ఏమిటంటారు? పేరు. కింగ్‌ఫిషర్ అనే పేరూ, ఆ పేరుకు అర్థమైన లకుముకి పిట్ట బొమ్మా. ఓ పెద్ద కన్సల్టెన్సీ దానికి 4,000 కోట్ల పైచిలుకు విలువ కట్టింది. మరి పిట్టను గీటురాయి మీద రుద్దారా? ఈకలకు తరుగు తీశారా? 2011లో ఇంకో ముచ్చట. బజార్లో 40 రూపాయలకు దొరికే ఆ కంపెనీ షేరును, అప్పులో కొంత భాగానికి బదులుగా, 64 రూపాయల 48 పైసల లెక్కన బ్యాంకులు తీసుకున్నాయి. వదిన కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడుతుంది. పాపం, ఎంబీఏ చదవలేదు.

2012లో విమానాలు ఆగాయి. 2016 మార్చి 2న అయ్యగారు దేశం దాటారు. 17న మనవరాలు ముంబైలోని కింగ్‌ఫిషర్ హౌస్ అనే ఆఫీసు భవనాన్ని ఆన్‌లైన్ వేలానికి పెట్టి, 150 కోట్లకు పైసా తగ్గనంది. ఒక్కరూ రాలేదు. ఏప్రిల్‌లో పిట్ట వంతు వచ్చింది. ధర 366 కోట్ల 70 లక్షలు. 'ఫన్‌లైనర్', 'ఫ్లై ద గుడ్ టైమ్స్' అనే మాటలు కూడా అందులోనే. ఎగరని విమానాల నినాదాన్ని కొన్నవాడు ఏం చేసుకోవాలి? శుభలేఖ మీద అచ్చేయించుకోవాలా? ఇడ్లీ బండికి అంటించుకోవాలా? అప్పులవాళ్లు తలుపు తట్టినప్పుడు లోపల్నుంచి పాడుకోవాలా? ఒకటోసారి, రెండోసారి అందామన్నా ఎదుట పురుగు లేదు. పిట్ట కూర్చున్న కొమ్మ మీదే కూర్చుంది. ఆ భవనం మాత్రం ధర తగ్గీ తగ్గీ, 2021లో మన హైదరాబాద్ సంస్థకే 52 కోట్ల చిల్లరకు దక్కింది. బేరం మనవాళ్లకు తెలుసు.

ఆ కంపెనీలో విమానాలు బాగుచేసిన ఇంజనీర్లకు నెలల తరబడి జీతాలు రాలేదు. వాళ్ల పిల్లల ఫీజులకు ఏ పిట్ట బొమ్మా తాకట్టుకు పనికిరాలేదు. కాగితం మీది పిట్టలో వేల కోట్లు చూడగలిగిన కళ్లకు, ఆడమనిషి మెడలోంచి తీసిచ్చిన బంగారంలో మాత్రం లక్కే కనిపిస్తుందా? సిగ్గుండాలి!

వదిన అప్పు కాగితం మీద వేలిముద్ర వేస్తూ అడిగింది: "వాయిదా తప్పితే వేలం అంటున్నారు కదా సార్, ఎవరూ రాకపోతే నా గొలుసుకు కూడా అయిదేళ్లు ఆగుతారా?"

అప్రైజర్ గారు పసుపుదారం తీసి ఆమె చేతిలో పెట్టారు.