టీ బ్రేక్ కోసేసి వాట్సాప్‌లో పడేసిన మహానుభావుడికి

ఇప్పుడే ఇంటికొచ్చా, బూట్లు కూడా విప్పకుండా టైప్ చేస్తున్నా, తప్పులుంటే మీరే సర్దుకోండి. మా ప్రొడక్షన్ మేనేజర్ గారికి రాత్రికి రాత్రి జ్ఞానోదయం అయింది. టీ బ్రేక్ 15 నిమిషాలెందుకు, 10 చాలు కదా అని. అనిపిస్తే అనిపించింది, యూనియన్లతో వ్యవహారాలు చూసే ఐఆర్ (ఇండస్ట్రియల్ రిలేషన్స్) వాణ్ణి నేనున్నా కదా, నాకో ఫోన్ కొట్టొచ్చు కదా. కొట్టడు. పొద్దున్నే సూపర్‌వైజర్ల గ్రూపులో మెసేజ్ పడేశాడు, ఈరోజు నుంచి టీ టైమ్ 10 నిమిషాలే అని, కింద ఒక దండం బొమ్మ. ఆ దండం ఎవరికో నాకు మధ్యాహ్నానికి గానీ అర్థం కాలేదు.

ఫస్ట్ షిఫ్ట్ దిగేలోపు అది ప్లాంటంతా తిరిగేసింది. యూనియన్ సెక్రటరీ గారు స్క్రీన్‌షాట్ ప్రింట్ తీయించి మరీ తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. "సార్, ఇది నోటీసా, గుడ్‌మార్నింగ్ మెసేజా? చెప్తే దాన్నిబట్టి మేం కూడా జవాబిస్తాం" అన్నారు. ఏం చెప్పమంటారు నన్ను? ఆయన అడిగింది కరెక్టే. పని గంటలు, మధ్యలో ఇచ్చే విరామం మార్చి కార్మికుడికి నష్టం చెయ్యాలంటే 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, 1947 నాటి ఐడీ యాక్ట్ (పారిశ్రామిక వివాదాల చట్టం) 9ఏ సెక్షన్ అదే చెప్పింది, దాని బదులు వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లో కూడా అదే 21 రోజులు. దండం బొమ్మ పెడితే నోటీసు అక్కర్లేదని ఏ చట్టంలోనూ రాయలేదు, నేను వెతికాను కూడా.

సరే, ప్లాంట్ హెడ్ దగ్గరికెళ్లి చెప్తే ఆయనేమన్నాడో తెలుసా? "ఐదు నిమిషాల కోసం ఇంత సీనేంటయ్యా, నువ్వెళ్లి మాట్లాడి సెట్ చెయ్యి." ఐదు నిమిషాలట! ఏసీ రూమ్‌లో టీ టేబుల్ మీదకే వచ్చేవాళ్లకి ఐదు నిమిషాలంటే ఐదు నిమిషాలే. మెషిన్ షాప్‌లో వాడు చేతికంటిన గ్రీజు కడుక్కోవడానికే రెండు నిమిషాలు, క్యాంటీన్ దాకా నడక మూడు, తిరిగి రావడం ఇంకో మూడు. పదిలో ఎనిమిది అక్కడికే సరి. మిగిలిన రెండు నిమిషాల్లో క్యూలో నిలబడి, పొగలొచ్చే టీ గొంతులో పోసుకుని రావాలి. ఈ లెక్క వెయ్యడానికి ఇంజనీరింగ్ డిగ్రీ అడ్డం వస్తుందనుకుంటా.

ఇక నా సంగతి. సెక్రటరీ గారితో అరగంట కూర్చున్నానని ప్రొడక్షన్ వాళ్లు నన్ను "యూనియన్ మనిషి" అంటారు. ప్లాంట్ హెడ్ క్యాబిన్‌లోంచి బయటికొచ్చానని యూనియన్ వాళ్లు "మేనేజ్‌మెంట్ తొత్తు" అంటారు. రెండూ ఒకే రోజు, ఒకే కారిడార్‌లో. రోలు వెళ్లి మద్దెలతో మొరపెట్టుకున్న కథ మీకు తెలుసు కదా, అందులో మద్దెల ఐఆర్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేసేదని నా గట్టి అనుమానం.

పైగా ఇప్పుడు కొత్త పైత్యం ఒకటి మొదలైంది. 2025 నవంబర్ 21న పాత కార్మిక చట్టాల బదులు తెచ్చిన లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చినప్పటినుంచి మా మేనేజర్లందరూ లాయర్లయిపోయారు. "ఇంకేముంది, యూనియన్ల పని అయిపోయింది కదా" అంటున్నారు. ఫార్వార్డ్‌లో చదివింది అంతవరకే మరి. సమ్మె చెయ్యాలంటే ఎవరైనా 14 రోజుల నోటీసు ఇవ్వాలి, సగం మంది కలిసి ఒకేరోజు క్యాజువల్ లీవ్ పెడితే అదీ సమ్మె కిందే లెక్క, ఈ రెండు ముక్కలూ నోటికొచ్చు. అదే కోడ్‌లో 51 శాతం మంది సభ్యులున్న యూనియన్‌ని నెగోషియేటింగ్ యూనియన్‌గా, అంటే మేనేజ్‌మెంట్‌తో చర్చలు జరిపే యూనియన్‌గా గుర్తించి తీరాలని ఉంది, 20 మంది పనిచేసే చోట ఫిర్యాదులు తీర్చే గ్రీవెన్స్ కమిటీ ఉండాలని, అందులో కార్మికుల వైపు వాళ్లు సమానంగా ఉండాలని కూడా ఉంది. ఆ పేజీ వచ్చేసరికి నెట్ సిగ్నల్ పోయింది పాపం.

టీ సంగతి వదిలేయండి, అసలు మండేది చార్జిషీట్ల దగ్గర. ఆ మధ్య ఒక సెక్షన్ ఇంచార్జ్ కాగితం పట్టుకొచ్చాడు, ఫలానా కుర్రాడికి చార్జిషీట్, అంటే ఏం తప్పు చేశాడో రాసిచ్చే కాగితం, ఇవ్వాలి అని. అందులో ఏముందీ? "ఇతను ఎప్పుడూ ఎదురు మాట్లాడును. ఇతని యాటిట్యూడ్ బాగుండదు." అంతే, అయిపోయింది. ఏ తేదీ, ఏ టైమ్, ఎక్కడ, ఏ మాట అన్నాడు, స్టాండింగ్ ఆర్డర్లలో (కంపెనీ క్రమశిక్షణ నిబంధనల్లో) ఏ క్లాజ్ కిందకొస్తుంది, ఏమీ లేదు. అడిగితే "అవన్నీ నువ్వు రాసుకో సార్, నీ పని అదే కదా" అన్నాడు. అంటే జరగని సంగతులు నేను ఊహించి రాయాలి, నేనేమన్నా సీరియల్ రైటర్‌నా? ఇంకా విచిత్రం, కంప్లైంట్ ఇచ్చింది ఆయనే, సాక్షీ ఆయనే, ఎంక్వైరీ ఆఫీసర్‌గా కూడా తననే వెయ్యమన్నాడు. ఇంకెందుకు, తీర్పు కూడా రాసి తెచ్చేసుంటే స్టాంపు నేను గుద్దేవాణ్ణి.

చెప్పినా వినకుండా ఆ కుర్రాణ్ణి సస్పెండ్ చేయించారు. ఎంక్వైరీకి సాక్షుల్ని పంపమంటే పంపరు, "ప్రొడక్షన్ ప్రెషర్" అంటారు. వాయిదా మీద వాయిదా. సస్పెన్షన్‌లో ఉన్నవాడికి 90 రోజుల దాకా సగం జీతం సబ్సిస్టెన్స్ అలవెన్స్ (బతకడానికిచ్చే భత్యం), ఆ తర్వాత ఆలస్యం కార్మికుడి వల్ల కాకపోతే 75 శాతం. ఇంట్లో కూర్చున్నవాడికి ముప్పావు జీతం ఎందుకు పోతోందని అకౌంట్స్ వాళ్లు మెయిల్ పెట్టింది ఎవరికి? నాకు. కాపీ ఎవరికి? ప్లాంట్ హెడ్‌కి. ఇంకొకాయన అయితే ఇంకా సింపుల్, పది రోజులు రాకపోతే రిజిస్టర్‌లో పేరు కొట్టేసెయ్ అంటాడు, స్టాండింగ్ ఆర్డర్లలో రాసుందట. రాసున్నా సరే విచారణ లేకుండా తియ్యకూడదని సుప్రీంకోర్టు 1993లోనే డీకే యాదవ్ కేసులో చెప్పింది నాయనా అంటే, "నువ్వు వాళ్ల తరఫున మాట్లాడుతున్నావా" అని చూపు. రేపు లేబర్ కోర్టు పాత జీతంతో సహా వెనక్కి తీసుకోమంటే అప్పుడు మాత్రం "ఐఆర్ వాళ్లు కేసు సరిగ్గా హ్యాండిల్ చెయ్యలేదు".

మన వీవీ గిరి గారు కేంద్రంలో లేబర్ మినిస్టర్‌గా ఉండి, 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం తగ్గించిందని పదవే వదిలేసుకున్నారు. కోర్టులూ ట్రిబ్యునళ్ల చుట్టూ తిరగడం కాదు, రెండు పక్షాలూ కూర్చుని మాట్లాడుకోవాలని గట్టిగా చెప్పిన మనిషి ఆయన. ఇక్కడ మావాళ్లకి కుర్చీ లాక్కుని ఐదు నిమిషాలు మాట్లాడే ఓపిక లేదు, కుర్చీ వదలడం దాకా ఎందుకులెండి.

అసలు నా కడుపుమంట ఇవేవీ కాదు. ఇంత సేపూ టైప్ చేస్తుంటే పాతదొకటి గుర్తొచ్చింది, గుర్తొచ్చాక ఆగదు. పోయినసారి వేతన ఒప్పందం మా యూనిట్‌లో ఒక్క గంట కూడా పని ఆగకుండా అయింది. నెలల తరబడి మాట్లాడాం, నల్ల బ్యాడ్జీలతోనే ఆగింది, గేట్ మీటింగ్ దాటి పోలేదు. "మన ఆఫీసులోనే సంతకాలు పెట్టేసుకుంటే పోయేది కదా, లేబర్ ఆఫీసుకెందుకు" అని మావాళ్లు సతాయించినా వినకుండా రాజీ కుదిర్చే ప్రభుత్వ అధికారి, కన్సిలియేషన్ ఆఫీసర్ ముందే సంతకాలు పెట్టించా, ఎందుకంటే అలా అయితేనే సంతకం పెట్టని రెండో యూనియన్ వాళ్లకీ, రేపు కొత్తగా చేరేవాళ్లకీ కూడా అది కట్టుబడి ఉంటుంది. అప్రైజల్‌లో బాస్ ఏం రాశాడు? "ఈ ఏడాది చెప్పుకోదగ్గ ఐఆర్ సమస్యలేవీ లేవు. మీట్స్ ఎక్స్‌పెక్టేషన్స్." సమస్యలు లేవంట! వాటంతటవే లేకుండా పోయాయనుకున్నాడు, దోమలు పోయినట్టు.

అదే ఏడాది పక్క యూనిట్‌లో నాలాంటి పోస్టులోనే ఉన్న ఒకాయన, యూనియన్ ఇచ్చిన చార్టర్ ఆఫ్ డిమాండ్స్ (కోర్కెల పత్రం) తీసుకుని సొరుగులో పెట్టి మర్చిపోయాడు. యూనియన్ వాళ్లు లెటర్లు రాశారు, రిమైండర్లు రాశారు, చివరికి టూల్ డౌన్, పనిముట్లు కింద పెట్టేశారు. లైన్లన్నీ ఆగిపోయాక ఈయన హీరో ఎంట్రీ ఇచ్చి, రాత్రంతా గేటు దగ్గర నిలబడి, వాళ్లు మొదట అడిగినదానికంటే ఎక్కువే ఒప్పుకుని "సమ్మె విరమింపజేశాడు". షాలువా, షీల్డు, ప్రమోషను. పై ఆఫీసు నుంచి చప్పట్లు. ఇప్పుడాయన మాకందరికీ పైన కూర్చున్నాడు.

మొన్నీమధ్య మాకు ట్రైనింగ్ ఇవ్వడానికి కూడా ఆయనే వచ్చాడండీ. టాపిక్ ఏంటో తెలుసా, వివాదం ముదరకముందే పసిగట్టడం ఎలా. రెండో స్లైడ్ పెద్ద అక్షరాల్లో, "డిమాండ్ లెటర్‌కి వెంటనే స్పందించండి" అని. నేను ముందు వరసలో కూర్చుని బుద్ధిగా రాసుకున్నా. ఫీడ్‌బ్యాక్ ఫారంలో ఐదుకి ఐదు ఇచ్చా. అప్రైజల్ సీజన్ కదా మరి.