మందు ఎంత వెయ్యాలె బావా?

కాలనీలో మోకాలి లోతు నీళ్లు ఆగిన సంగతి తర్వాత చూద్దాం. ముందు ఒకటి తేలాలి: మూతిలోంచి మందు పోసి, గుండు దట్టించి కాల్చే పాతకాలపు రైఫిల్‌కి 70 గ్రెయిన్ల మందు చాలా, 90 పొయ్యాలా? ములుగు రోడ్డు మీద టీ బండి దగ్గర పదిహేను రోజులుగా ఇదే చర్చ, అధ్యక్షుడు మా బామ్మర్ది. రైఫిల్ ఆయన దగ్గరా లేదు, మాలో ఎవరి దగ్గరా లేదు. లైసెన్సు లేకుండా ఉంటే 1959 ఆయుధాల చట్టం, ఏటూరునాగారం అడవిలో పేలిస్తే 1972 వన్యప్రాణి చట్టం. అమెరికా వాళ్ల వీడియోలు చూడటానికి మాత్రం ఏ చట్టమూ అడ్డు రాదు కాబట్టి పరిజ్ఞానానికి కొదవ లేదు.

మొదటి రోజే ఒక పెద్దాయనకు అనుమానం వచ్చింది. "డెబ్బై గింజలా బిడ్డా? ఎంచుకుంట కూసుంటే పంది చేను దాటిపోదా?" గ్రెయిన్ అంటే గింజ కాదనీ, తూకమనీ, 70 గ్రెయిన్లంటే నాలుగున్నర గ్రాములనీ చెప్పేసరికి రెండు టీలయ్యాయి. తీరా చూస్తే ఈ నల్ల తుపాకీ మందును త్రాసులో తూచరట, ఇత్తడి గొట్టంతో కొలిచి పోస్తారట. పెద్దాయన మళ్లీ మొదటికొచ్చాడు.

ఇంకో రహస్యం. పాత తులం అంటే సరిగ్గా 180 గ్రెయిన్లు. 50 క్యాలిబర్, అంటే గొట్టం లోపల అర అంగుళం వెడల్పున్న రైఫిల్‌లో వేసే 0.490 అంగుళాల సీసం గుండు బరువు దాదాపు 177. ఆ మూడు గ్రెయిన్లు మన దగ్గర తరుగు కిందే పోతాయి కనుక తులమే అనుకోండి. అమెరికా వాడు దెబ్బకో తులం కాలుస్తుంటే మనం పెళ్లికి తులం ఎక్కడ తేవాలా అని టెన్షన్ పడుతున్నాం.

వడ్లలాగే మందులోనూ రకాలు. డబ్బా మీద రెండు ఎఫ్‌లు రాసుంటే దొడ్డు, మూడు ఎఫ్‌లు రాసుంటే సన్నం. సన్నం తొందరగా అంటుకుంటుంది, బోనస్ మాత్రం దేనికీ లేదు.

గుండు గొట్టం కంటే కొంచెం చిన్నదిగా ఎందుకుంటుందో బామ్మర్ది కళ్లకు కట్టాడు. మోటారు పైపు ముక్కలో గోళీ వేశాడు, అది జర్రున జారి అవతల టీ గ్లాసులో పడింది. ఈసారి కొబ్బరినూనె రాసిన జేబురుమాలు మూతికి పరిచి, దాని మీద గోళీ పెట్టి, గరిటె కాడతో నొక్కాడు. బిగిసింది, పైపు తలకిందులు చేసినా కదల్లేదు. అసలు రైఫిల్‌లో ఆ నూలు గుడ్డే గొట్టం లోపలి మెలికల గాడులను పట్టుకుని గుండును గిర్రున తిప్పుతుంది, బయటికి రాగానే ఊడిపోతుంది. ఎనుమాముల మార్కెట్‌కి అంత పత్తి తెచ్చే మనకు ఇది ఇంత ఆలస్యంగా తెలియడం, నిజం చెప్పాలంటే, పరువు తక్కువ. గోళీ ఇంకా పైపులోనే ఉంది.

ఇంతకీ ఎంత? తెలిసినవాళ్లు చెప్పేది ఒకటే: తక్కువతో మొదలుపెట్టు, ఐదైదు గ్రెయిన్లు పెంచు, గుండ్లు ఒకే చోట గుమిగూడుతున్నాయా చూడు, కుదిరినచోట ఆగు, తయారుచేసినవాడు రాసిన హద్దు దాటకు. గుండు మందుకు ఆని కూర్చోవాలి, మధ్యలో ఖాళీ ఉంటే గొట్టానికే ముప్పు. పొగరాని కొత్త మందు పోస్తే గొట్టం పగిలి కాల్చినవాడి చేతికే ఎసరు.

ఇదంతా మా బామ్మర్దికి కంఠతా వచ్చు. మా భాషలో తుపాకీలో పోసేదీ మందే, గ్లాసులో పోసేదీ మందే, చేనుకు కొట్టేదీ మందే. నిన్న పొద్దున పత్తికి మందు కొడుతూ ఫోన్ చేశాడు. డబ్బా మీద ఎకరానికి ఎంతని రాసుందిరా అని అడిగాను.

"సదువుడెందుకు బావా? పక్క చేనాయన ట్యాంకుకు రెండు మూతలు పోసిండట. నేను మూడు పోసిన."