దాపల అంటే దగ్గరా, ఎడమ పక్కా?

మా మేనకోడలికి తెలుగు పరీక్షల ఒక మార్కు కోసిన్రు. ఏ బడో చెప్పను, లొల్లి నాకొద్దు. పోతన గజేంద్ర మోక్షంల ‘అల వైకుంఠపురంబులో నగరిలో ఆ మూల సౌధంబు దాపల’ పద్యానికి ప్రతిపదార్థం అడిగితే, దాపల అంటే ‘ఎడమ పక్క’ అని రాసింది పిల్ల. గైడులో ‘దగ్గర’ అని ఉందట. పోయి అడిగిన. “గైడ్‌ల ఉన్నదే కరెక్టు సార్” అన్నరు.

పిల్లకు ఆ అర్థం చెప్పింది మా నాయిన. ఆయనకు అక్షరం రాదు. నాగర్‌కర్నూల్ దిక్కు చెల్కల్ల ముప్పై ఏండ్లు నాగలి పట్టినోడు. కాడికి ఎడమ దిక్కు కట్టేది దాపటెద్దు, కుడి దిక్కుది ఎలపటెద్దు. పద్యం చదివి వినిపిస్తే “దాపల అంటే ఇంక ఎటు బిడ్డా, ఎడమకే” అన్నడు. దాపు అంటే దగ్గర, నిజమే. ఆ అర్థం తప్పని నేననను. కానీ నాగలి పట్టినోని నోట్ల ఇంకా బతికున్న మాటకు మార్కు కోసుడేంది?

బమ్మెర పోతన మావోడంటే మావోడని ఒంటిమిట్ట వాళ్లతోని ఎన్నేండ్లసంది కొట్లాడుతున్నం. కొట్లాడేటోళ్లల్ల ఎంతమంది ఆయన పద్యం గొంతెత్తి చదివిన్రు? తాత్పర్యం బట్టీ పట్టినం, అంతే. తాత్పర్యం ఏం చెప్తది? ‘ఏనుగు మొర విని విష్ణువు వెంటనే బయలుదేరెను.’ ఈ ముక్క చెప్పనీకి పోతన ఎందుకు?

పైకి చదవుండ్రి. మొదటి పద్యంల పెద్ద సమాసం ఉంది, ‘మందారవనాంతరామృతసరః’ అని మొదలయితది. ఊరు, ఊర్ల మేడ, మేడ పక్కన తోట, తోటల చెరువు, గట్టున చంద్రకాంతపు రాయి, దాని మీద కలువల పరుపు. నింపాదిగ ఒక్కొక్క వాకిలి దాటుకుంట లోపలికి తీస్కపోతడు. విష్ణువు అంత సుఖంగ ఉన్నడు మరి. అప్పుడు కుయ్యి, అంటే ఏనుగు మొర, వినపడ్డది.

తర్వాతి పద్యం సూడుండ్రి. సిరికిం జెప్పడు, సంధింపడు, చీరడు, పన్నింపడు, ఒత్తడు, వీడడు. ఆరు క్రియలు, ఆరూ ‘చేయడు’ అనేవే. లక్ష్మికి చెప్పలే, శంఖం చక్రం పట్టలే, పరివారాన్ని పిలవలే, గరుత్మంతుణ్ని సిద్ధం చేయలే, జుట్టు సవరించుకోలే, చేతులున్న లక్ష్మి కొంగు వదల్లే. రెండూ మత్తేభాలే, గణాలు అవే. ఒకటి నడుస్తది, ఇంకోటి ఉరుకుతది. దీనికి మార్కులు లేవు కాబట్టి బడిల ఎవరూ చెప్పరు.

పుస్తకం తెరవకుండనే మాట్లాడుడు బడికే పరిమితం కాలే. రాముని వంతెనకు సాయం చేసిన ఉడత కథ ‘వాల్మీకి చెప్పినది’ అని నెలకోసారి వాట్సాప్‌ల వస్తది. వాల్మీకంల ఆ ఉడత లేదు. రంగనాథ రామాయణంల ఉంది. పదమూడో శతాబ్దంల గోన బుద్ధారెడ్డి ద్విపదల రాసిండు. ఆయన ఏలిన వర్ధమానపురం అంటే మా పక్కనున్న వడ్డెమానే. మా ఊరోళ్లే నాకు పంపుతరు, వాల్మీకి పేరు పెట్టి! మొక్కేటోళ్లు తెరవరు, తిట్టేటోళ్లు తెరవరు. పాత పుస్తకాన్ని తిట్టుండ్రి, నాకేం పట్టింపు లేదు. జర నాలుగు పద్యాలు చదివి తిట్టుండ్రి.

మార్కు తిరిగి రాలే. కానీ పిల్ల రెండో పద్యం పట్టుకున్నది. నిన్న రాత్రి ఫోన్ చేసి, “మామా, లక్ష్మి కొంగు చేతుల పట్టుకొనే ఉరికిండంట కదా, అసలు కొంగెందుకు పట్టుకున్నడు?” అన్నది. ‘వివాద’ అని ఉంది చూడు, అంతకుముందు ఇద్దరికీ ఏదో లొల్లి అయింది అన్న.

“దేనికి లొల్లి?”

పోతన చెప్పలే బిడ్డా అన్న. గైడ్‌ల కూడా లేదంట. “అయితే నేనే రాస్త” అని ఫోన్ పెట్టేసింది.