కాళ్లకు గాలి కొట్టబడును

పరుగు పందెం ముగిసే చోటల్లా ఇప్పుడో గుడారం వెలుస్తోంది. లోపల వాలు కుర్చీలు, వాటిలో గాలితో ఉబ్బి కాళ్లను నొక్కే నల్ల బూట్లు తొడల దాకా తొడుక్కుని కళ్లు మూసుకున్న భక్తులు. బయట బోర్డు: ‘ల్యాక్టిక్ యాసిడ్ తొలగించబడును.’ కిందే ‘పంక్చర్లు వేయబడును’ అనీ రాసుకోవచ్చు, కంప్రెసర్ ఎలాగూ ఉందిగా.

పాపం, పరుగులో కండరాల్లో పుట్టే ఆ యాసిడ్‌ను ఎవరూ తొలగించనక్కర్లేదు. పరుగు ఆపిన గంటలోపే గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడేసుకుంటాయి, కాలేయం గ్లూకోజుగా మార్చేస్తుంది. పతకంతో ఫొటో దిగి, ఇడ్లీ తిని, టోకెన్ పట్టుకుని వంతు వచ్చేసరికి తొలగించడానికి మిగిలేది ఇడ్లీయే. ఎల్లుండి మెట్లు దిగుతుంటే ఏడిపించే నొప్పికీ దానికీ చుట్టరికం లేదు. పందెంలో ఫ్లైఓవర్ దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది. అప్పుడు పోగుల్లో పడ్డ చీలికల నొప్పి అది.

యంత్రమంటే ఓ పంపు, గొట్టాలు, కాలికి నాలుగైదు గదుల సంచి. ముందు పాదం గది నిండుతుంది, తర్వాత పిక్క, మోకాలు, తొడ. గాలి వదిలేసి మళ్లీ పాదం. అలా 20–30 నిమిషాలు. కొత్తవాళ్లకు, బీపీ కొలిచే పాదరసం లెక్కలో, 40–60 మిల్లీమీటర్ల ఒత్తిడి చాలు. ‘ఫుల్ పెట్టన్నా’ అంటాడు మనవాడు. అన్న 100 పెడతాడు. గొట్టం కుర్చీ కాలికింద నలిగి తొడ గదికి గాలే అందదు. మనవాడు కళ్లు తెరవకుండానే ‘తొడలు అప్పుడే తేలికయ్యాయి బ్రో’ అంటాడు.

నొప్పి కొంచెం తగ్గినట్టనిపిస్తుంది, కాదనలేం. మర్నాడు వేగం పెరుగుతుందనడానికి మాత్రం గట్టి రుజువు లేదు. అరగంట ఫోన్ చూడకుండా పడుకుంటే అదీ లాభమే, కానీ అక్కడ లైవ్ పెడుతుంటారు.

ఆసుపత్రిలో ఇలాంటి యంత్రాన్నే ఆపరేషనైన వాళ్ల కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా వాడతారు. గడ్డ ఉందన్న అనుమానం వస్తే మాత్రం ముందు విప్పేస్తారు. నొక్కితే అది ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ప్రాణమే పోవచ్చు. గుడారంలో అడిగేదెవడు? ఒక్క పిక్కే వాచిందా? వేడిగా ఉందా? నిన్ననే అమెరికా విమానం దిగావా? గుండె జబ్బుందా? కాలి ధమనుల్లో అడ్డుందా? చర్మం చీము పట్టిందా? అర నిమిషం పట్టని ప్రశ్నలు! ఫోన్ నంబరుకు తీరికుంది, ఇన్‌స్టా ఐడీకి తీరికుంది, వీటికి లేదు. సిగ్గుండాలి.

ఒక్కటి మాత్రం తప్పకుండా అడుగుతారు: ‘సాక్సులేసుకున్నారా సార్? సంచి కంపు కొడుతుంది.’